283 బిలియన్ డాలర్ల వాణిజ్య లోటు: ఏ అంకె చూడాలి, ఏది చూసి కంగారు పడనక్కర్లేదు

మీ ప్రశ్నలు నాలుగు. 2024-25లో మన దేశం 437 బిలియన్ డాలర్ల సరుకు అమ్మి 720 బిలియన్ డాలర్ల సరుకు కొంది, ఏటా ఇంత తేడా ఉంటే దేశం ఎలా నిలబడుతోంది? రూపాయిని పడనిస్తే ఎగుమతులు పెరిగి లోటు పూడదా? చైనా సరుకు ఆపేస్తే సగం సమస్య తీరదా? ఒక్కో పత్రికలో ఒక్కో అంకె ఎందుకుంటుంది?

చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను. అంకె ఏమిటో తేలకపోతే మిగతా మూడింటికి చెప్పే జవాబు గాల్లో మాటే అవుతుంది.

అంకె ఎక్కడ పుడుతుంది

సరుకు దేశంలోకి వస్తే దిగుమతిదారు కస్టమ్స్‌లో బిల్ ఆఫ్ ఎంట్రీ వేస్తాడు. బయటికి వెళితే ఎగుమతిదారు షిప్పింగ్ బిల్ వేస్తాడు. రెండూ ఐస్‌గేట్ అనే కస్టమ్స్ కంప్యూటర్ వ్యవస్థలో పడతాయి. వాటిని కోల్‌కతాలోని డీజీసీఐఎస్ అనే సంస్థ కూడుతుంది, ప్రతి నెలా 15వ తేదీ ప్రాంతంలో కేంద్ర వాణిజ్య శాఖ ప్రకటిస్తుంది. మర్నాడు పేపర్లో "వాణిజ్య లోటు ఇంత" అని వచ్చేది ఇదే. ఇది సరుకుల లెక్క మాత్రమే.

ఇందులో మూడు మెలికలున్నాయి.

మొదటిది విలువ కట్టే తీరు. విశాఖలో ఓడ ఎక్కిన రొయ్యల కంటైనర్‌కు ఓడ ఎక్కేదాకా అయిన విలువే రాస్తారు, దాన్ని ఎఫ్‌ఓబీ అంటారు. అదే విశాఖలో దిగిన యంత్రానికి ఓడ కిరాయి, బీమా కూడా కలిపి రాస్తారు, అది సీఐఎఫ్. అంటే దిగుమతుల వైపు అంకె మొదటి నుంచీ కాస్త బరువుగానే ఉంటుంది. రెండు దేశాల లెక్కలు కలవకపోవడానికి ఇదొక కారణం. అమెరికాతో మన వాణిజ్యమే చూడండి: 2024-25లో మనకు 41 బిలియన్ డాలర్ల మిగులు ఉందని మన లెక్క, 2024లో తమకు మనతో దాదాపు 46 బిలియన్ల లోటు ఉందని వాళ్ల లెక్క. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. వాళ్లది క్యాలెండర్ సంవత్సరం, మనది ఏప్రిల్-మార్చి. విలువ కట్టే పద్ధతీ, మూడో దేశం గుండా వెళ్లిన సరుకును ఎవరి ఖాతాలో రాయాలన్న నియమమూ వేరు.

రెండోది, తొలి అంకె మారుతుంది. ఎంత మారగలదో చెప్పడానికి 2024 నవంబరును మించిన ఉదాహరణ లేదు. ఆ నెల బంగారం దిగుమతులు 14.86 బిలియన్ డాలర్లని, మొత్తం సరుకుల లోటు 37.84 బిలియన్లని డిసెంబరు మధ్యలో ప్రకటించారు. మునుపెన్నడూ చూడని అంకె. దేశం బంగారం మీద పడిందని రాతలు వచ్చాయి, రూపాయి మీద ఒత్తిడి వచ్చింది. జనవరిలో ఆ బంగారం అంకెను 9.84 బిలియన్లకు దించారు. ప్రత్యేక ఆర్థిక మండలాల (సుంకం కట్టకుండా సరుకు తెచ్చుకోగల ప్రాంతాల) వివరాలు పాత వ్యవస్థ నుంచి ఐస్‌గేట్‌కు మారుతున్న సమయమది. మండలంలోకి వచ్చినప్పుడు ఒకసారి, అక్కడి నుంచి దేశీయ మార్కెట్‌లోకి విడుదలైనప్పుడు మరోసారి, ఒకే బంగారం రెండుసార్లు లెక్కలో పడింది. అయిదు బిలియన్ డాలర్ల బంగారం నిజానికి రానేలేదు. అందుకే ఒక నెల అంకె చూసి నిర్ణయాలు తీసుకోవద్దని చెబుతాను. మూడు నెలల సగటు చూడండి, ముందటి ఏడాది అవే నెలలతో పోల్చండి. దీపావళి ఒక ఏడాది అక్టోబరులో, మరో ఏడాది నవంబరులో వస్తుంది. పనిదినాలు మారితే ఎగుమతుల అంకె మారుతుంది, బంగారం కొనుగోళ్లు కూడా.

మూడోది అన్నిటికంటే పెద్దది. ఈ లెక్కలో కస్టమ్స్ దాటని సొమ్ము ఉండదు. మాదాపూర్‌లో రాసిన సాఫ్ట్‌వేర్ ఏ ఓడా ఎక్కదు, దానికి షిప్పింగ్ బిల్ ఉండదు. కంపెనీ సాఫ్టెక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎగుమతి వివరాల ఫారం వేస్తుంది, డాలర్లు బ్యాంకు ద్వారా వస్తాయి, ఆ వివరం రిజర్వ్ బ్యాంకుకు చేరుతుంది. తెలంగాణ ఐటీ ఎగుమతులు 2023-24లో 2.68 లక్షల కోట్ల రూపాయలని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అదే ఏడాది దేశం మొత్తం మీద సముద్ర ఉత్పత్తుల ఎగుమతి విలువ 60,524 కోట్లు. ఒక్క రాష్ట్రపు ఐటీ దానికి నాలుగు రెట్లు పైనే, కానీ సరుకుల లోటు అంకెలో అది సున్నా.

వాణిజ్య శాఖ నెలవారీ ప్రకటనలో సేవల అంకె కూడా ఇస్తుంది కదా అంటారేమో. ఇస్తుంది, కానీ తాజా నెలకు అది అంచనా మాత్రమే. రిజర్వ్ బ్యాంకు వివరాలు వచ్చాక మారుతుంది.

అసలు లోటు ఎంత

సరుకులు, సేవలు, విదేశాల్లో ఉన్నవాళ్లు ఇంటికి పంపే డబ్బు, వడ్డీలు, డివిడెండ్లు అన్నీ కలిపితే వచ్చేది కరెంట్ ఖాతా. దీన్ని రిజర్వ్ బ్యాంకు మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. 2024-25కు ఆ లెక్క ఇలా ఉంది.

సరుకుల్లో లోటు 287 బిలియన్ డాలర్ల చుట్టూ. కస్టమ్స్ గుండా రాని కొన్ని కొనుగోళ్లను రిజర్వ్ బ్యాంకు కలుపుతుంది కాబట్టి ఇది 283 కంటే కాస్త ఎక్కువ. సేవల్లో మిగులు 189. ప్రవాసులు పంపిన డబ్బు లోపలికి 135 బిలియన్ల పైన. విదేశీ కంపెనీల డివిడెండ్లు, మన అప్పుల మీద వడ్డీలు బయటికి. ఈ రాకపోకలన్నీ సర్దాక మిగిలిన లోటు 23 బిలియన్లు, అంటే స్థూల దేశీయోత్పత్తిలో 0.6 శాతం.

మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. 283 అన్న అంకె భయపెడుతుంది, 23 అన్న అంకె భయపెట్టదు. మధ్యలోని ఆ 260ని పూడ్చింది సాఫ్ట్‌వేర్, బ్యాక్ ఆఫీస్, కన్సల్టింగ్ లాంటి సేవలు, ఆ తర్వాత డల్లాస్ నుంచి దుబాయ్ దాకా ఉన్న మనవాళ్ల సంపాదన. రిజర్వ్ బ్యాంకు 2023-24 సర్వే ప్రకారం ఆ ప్రవాస ధనంలో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. పంపే దేశాల్లో అమెరికా 27.7 శాతంతో మొదటిది, యూఏఈ 19.2 శాతంతో రెండోది. గల్ఫ్ నుంచి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలకు వచ్చే డబ్బు ఈ దేశపు చమురు బిల్లులో కొంత కడుతోందని చెప్పడం అతిశయోక్తి కాదు. చమురులో పెద్ద భాగం కొనేదీ ఆ ప్రాంతం నుంచే కాబట్టి డాలర్లు అటు వెళ్లి ఇటు తిరిగి వస్తున్నాయి. వీసాల మీద, అక్కడి ఉద్యోగాల మీద వచ్చే ప్రతి నిర్ణయమూ మన కరెంట్ ఖాతాను తాకేది అందుకే.

లోటు కంటే ముఖ్యమైనది

మిగతా సగం జవాబు చాలామంది చూడని చోట ఉంది. ఆ 23 బిలియన్లు ఎవరు ఇచ్చారు?

రెండు సంవత్సరాలు పక్కపక్కన పెట్టండి. 2023-24లో కరెంట్ ఖాతా లోటు 26 బిలియన్లు, 2024-25లో 23 బిలియన్లు. దాదాపు ఒకటే, పైగా రెండోది తక్కువ. కానీ మొదటి ఏడాది విదేశీ మారక నిల్వలకు 63.7 బిలియన్లు వచ్చి చేరాయి. రెండో ఏడాది నిల్వల్లోంచి 5 బిలియన్లు తీయాల్సి వచ్చింది. లోటు తగ్గినా నిల్వలు ఎందుకు కరిగాయి? పెట్టుబడులు రాలేదు కాబట్టి. మన షేర్లు, బాండ్లలోకి విదేశీ సంస్థలు తెచ్చింది మొదటి ఏడాది 44 బిలియన్లు, రెండో ఏడాది 3.6 బిలియన్లు. నేరుగా వచ్చే విదేశీ పెట్టుబడి స్థూలంగా 81 బిలియన్లు ఉన్నా, పాత పెట్టుబడిదారులు అమ్ముకుని తీసుకెళ్లింది 51 పైన, మన కంపెనీలు బయట పెట్టింది మరో 29 దాకా. నికరంగా మిగిలింది ఒక్క బిలియన్.

కాబట్టి లోటు ఎంత అని అడగడం చాలదు. అది ఏ డబ్బుతో పూడుతోంది, ఆ డబ్బు ఎంత త్వరగా వెనక్కి వెళ్లగలదు అనేది అడగాలి. ఫ్యాక్టరీ పెట్టినవాడు రాత్రికి రాత్రి వెళ్లడు. షేర్లు కొన్నవాడు ఒక్క పూటలో అమ్మేసి వెళ్లగలడు. ఆరు నెలల వాణిజ్య అప్పు ఇచ్చినవాడు ఏడో నెల రాకముందే తలుపు తడతాడు.

1991నూ 2013నూ పోలిస్తే ఇది కళ్లకు కడుతుంది. 1990-91లో కరెంట్ ఖాతా లోటు జీడీపీలో 3 శాతం చుట్టూ. 2012-13లో 4.8 శాతం, 88 బిలియన్ డాలర్లు. శాతం ప్రకారం రెండోదే ఘోరం. కానీ బంగారం తాకట్టు పెట్టింది మొదటి దానికి. ఎందుకంటే 1991 మార్చి చివరికి మన స్వల్పకాలిక విదేశీ అప్పు నిల్వలకు 146.5 శాతం. గల్ఫ్ యుద్ధంతో చమురు ధర పెరిగింది, ప్రవాసులు డిపాజిట్లు తీసేసుకున్నారు, అప్పు తిరగరాయడానికి బ్యాంకులు ఒప్పుకోలేదు. జూన్ నాటికి రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లే మిగిలాయి. పీవీ నరసింహారావు ప్రభుత్వం వచ్చాక జూలైలో రిజర్వ్ బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గర పెట్టి 40 కోట్ల డాలర్ల చిల్లర తెచ్చుకుంది.

2013లో నిల్వలు 290 బిలియన్ల పైన ఉన్నాయి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ డబ్బు ముద్రణ తగ్గిస్తానని మేలో సంకేతం ఇవ్వగానే పోర్ట్‌ఫోలియో డబ్బు, అంటే షేర్లు, బాండ్లలో పెట్టిన విదేశీ సొమ్ము, వెనక్కి మళ్లింది. అప్పుడు రిజర్వ్ బ్యాంకు గవర్నర్ దువ్వూరి సుబ్బారావు. మే నెలలో 55 దగ్గరున్న డాలర్ ఆగస్టు 28న 68.80కి వెళ్లింది. దెబ్బ గట్టిగానే తగిలింది కానీ చెల్లింపులు ఎక్కడా ఆగలేదు. బ్యాంకులు తెచ్చిన డాలర్లను రిజర్వ్ బ్యాంకు తీసుకుని, ముందే ఒప్పుకున్న రేటుకు తర్వాత తిరిగిచ్చే ప్రత్యేక స్వాప్‌ను సెప్టెంబరులో తెరిచారు, దాని ద్వారా వచ్చిన 34 బిలియన్లలో 26 ప్రవాసులు విదేశీ కరెన్సీలో వేసే ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్లే. 2025 మార్చి చివరికి స్వల్పకాలిక అప్పు నిల్వల్లో 20 శాతం దగ్గర, నిల్వలు 668 బిలియన్లు, అంటే పదకొండు నెలల సరుకు దిగుమతులకు సరిపడా.

ఇక్కడో జాగ్రత్త. ప్రతి శుక్రవారం వచ్చే నిల్వల అంకెను నేరుగా నమ్మకండి. 2024 మార్చిలో 646 ఉన్నది 2025 మార్చికి 668 అయింది, అంటే 22 పెరిగింది. పైన చెప్పినట్టు నిజంగా జరిగింది 5 బిలియన్లు తీయడం. తేడా 27 బిలియన్లు ఎక్కడివి? నిల్వల్లో ఉన్న బంగారం ధర పెరిగింది, ఇతర కరెన్సీల డాలర్ విలువ మారింది. అది కాగితం మీద పెరుగుదల, ఎవరో తెచ్చి ఇచ్చిన డాలర్లు కావు.

ఏం కొంటున్నాం

లోటు రంగు తేల్చేది కొన్న సరుకు. ముడిచమురుతో మొదలుపెడదాం. వాడకంలో 85 శాతానికి పైగా బయటి నుంచే. ఏటా సుమారు 170-180 కోట్ల బారెళ్లు. కాబట్టి బారెల్ మీద 10 డాలర్లు పెరిగితే బిల్లు 17-18 బిలియన్లు పెరుగుతుంది. చాలా విశ్లేషణలు ఇక్కడ ఆగిపోతాయి, అది తప్పు. జామ్‌నగర్ లాంటి రిఫైనరీల్లో శుద్ధి చేసిన పెట్రోల్, డీజిల్, విమాన ఇంధనం ఏటా 6 కోట్ల టన్నుల పైన మనమే ఎగుమతి చేస్తాం. వాటి ధరా పెరుగుతుంది. అటు నుంచి 4-5 బిలియన్లు తిరిగి వస్తాయి. నికర భారం 12-13 బిలియన్లు.

ధర, పరిమాణం విడదీసి చూడటం అలవాటు చేసుకోండి. 2022-23లో సుమారు 23.3 కోట్ల టన్నుల ముడిచమురుకు 157 బిలియన్ డాలర్లు కట్టాం. మరుసటి ఏడాది దాదాపు అంతే చమురుకు 133 కట్టాం. మనం ఒక్క చుక్క ఆదా చేయలేదు, బిల్లు మాత్రం 24 బిలియన్లు తగ్గింది. ఆ రెండో ఏడాది మన చమురు బుట్ట (మనం కొనే రకాల ముడిచమురును కలిపి కట్టే ప్రామాణిక ధర) సగటు బారెల్‌కు 82.58 డాలర్లు. ఆ ధరకు లెక్క కడితే బిల్లు 140 దాటాలి. 133తో సరిపోయిందంటే రష్యా చమురు మీద దొరికిన తగ్గింపు అందులో ప్రధాన కారణం. ఆ తగ్గింపు మన చేతిలో లేనిది. దాన్ని ఎగుమతుల విజయంగా చూపించే రాతలు చూస్తే బాధేస్తుంది.

బంగారం తీరు వేరు. దాన్ని కొంటే ఏ యంత్రమూ తిరగదు. 2024-25లో దాని బిల్లు 58 బిలియన్ డాలర్లు. సుంకం పెంచితే తగ్గుతుందనుకోవడం ప్రభుత్వాలకు పాత అలవాటు. 2012 జనవరిలో 2 శాతం ఉన్న సుంకాన్ని 2013 ఆగస్టుకల్లా 10 శాతం చేశారు, తెచ్చిన బంగారంలో అయిదో వంతు ఎగుమతిదారులకే ఇవ్వాలన్న 80:20 నిబంధన పెట్టారు. అధికారిక దిగుమతి తగ్గింది నిజమే, విమానాశ్రయాల్లో పట్టుబడే బంగారం పెరిగింది. దొంగ బంగారానికీ డాలర్లే కట్టాలి, కాకపోతే అవి హవాలా దారిలో వెళతాయి, బ్యాంకుకు రావాల్సిన ప్రవాస ధనం ఆ దారికి మళ్లుతుంది. కాబట్టి లెక్కలో లోటు తగ్గినట్టు కనిపించినంత నిజంగా తగ్గదు. 2022లో సుంకం 15 శాతానికి చేరి, 2024 జూలైలో 6కు దిగింది. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: బంగారం దిగుమతికి మందు సుంకం కాదు, ద్రవ్యోల్బణాన్ని మించి వడ్డీ ఇచ్చే పొదుపు. 2012-13లో ధరలు డిపాజిట్ వడ్డీని మింగేస్తున్నందుకే ఇళ్లలో బంగారం చేరింది.

వంటనూనె గురించి ఒక్క మాట. ఏటా సుమారు 160 లక్షల టన్నులు దిగుమతి. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది, కాకినాడ, కృష్ణపట్నం రిఫైనరీల్లో శుద్ధి అవుతుంది. ఇది మనం తగ్గించుకోగలిగిన దిగుమతి, పశ్చిమ గోదావరి, ఖమ్మం ఆయిల్‌పామ్ రైతులు చేసి చూపిస్తున్నదీ అదే. కానీ మొక్క నాటాక గెలలు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ముడి నూనెల మీద ప్రాథమిక సుంకాన్ని 2024 సెప్టెంబరులో సున్నా నుంచి 20 శాతం చేసి, 2025 మే చివర్లో 10కి దించారు. ఎనిమిది నెలలకోసారి మారే సుంకాన్ని చూసి ఏ రైతు ముప్పై ఏళ్ల తోట వేస్తాడు?

ఎగుమతుల వైపూ ఇదే వైఖరి. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు, 2024 సెప్టెంబరు 28న టన్నుకు 490 డాలర్ల కనీస ధరతో మళ్లీ అనుమతించారు, నెల తిరక్కుండానే ఆ షరతూ తీసేశారు. ఈ పద్నాలుగు నెలల్లో కొనుగోలుదారులు ఊరుకోలేదు, వియత్నాం, థాయిలాండ్, పాకిస్తాన్ వైపు వెళ్లారు. ఇంట్లో ధర అదుపు చేయాలన్న ఉద్దేశం అర్థం చేసుకోదగ్గదే. కానీ కాకినాడ యాంకరేజ్ రేవులో బార్జీల మీద బియ్యం బస్తాలు మోసుకెళ్లి లంగరేసిన ఓడలకు ఎక్కించే కార్మికుడికి, మిల్లరుకు ఆ ఏడాది పని తగ్గింది. లోటు గురించి మాట్లాడేటప్పుడు ఇదీ లెక్కలోకి రావాలి.

రూపాయిని పడనిస్తే

పుస్తకంలో రాసినంత సులువుగా పనిచేయదు. డాలర్ 84 నుంచి 88 అయిందనుకోండి. నిన్ననే ఒప్పందం కుదిరిన దిగుమతులు మారవు. అవే టన్నులకు ఎక్కువ రూపాయలు కడతాం. ఎగుమతిదారుల్లో చాలామంది రాబోయే డాలర్లను ముందే బ్యాంకులో ఫార్వర్డ్ రేటుకు, అంటే ముందుగా ఖాయం చేసుకున్న రేటుకు, అమ్మేసి ఉంటారు, వాళ్లకు వెంటనే లాభం రాదు. కొత్త ఆర్డర్ల సమయానికి విదేశీ కొనుగోలుదారు కూడా మారకపు రేటు చూసే ఉంటాడు, "మీ రూపాయి పడింది కదా, ధర తగ్గించండి" అంటాడు. సగం లాభం అక్కడ పోతుంది. అందుకే రూపాయి పడిన మొదటి నెలల్లో లోటు పెరిగి, ఏదైనా మెరుగుదల వస్తే ఆ తర్వాతే వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఎగుమతి సరుకులో దిగుమతి ఎంత ఉందన్నది. సూరత్ వజ్రానికి ముడి రాయి బయటిదే. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడలో తయారయ్యే మందుల ముడిపదార్థాల్లో చాలా వరకు చైనావి. రొయ్యలు మనవే అనుకుంటాం, కానీ మన చెరువుల్లో ఎక్కువగా పెంచే వనామీ రకం తల్లి రొయ్యలు అమెరికా హేచరీల నుంచి విమానంలో వచ్చి చెన్నై క్వారంటైన్ కేంద్రంలో ఉండి మన హేచరీలకు చేరతాయి. 2021లో సోయా పిండి ధర పెరిగితే మేతల కోసం 12 లక్షల టన్నులు దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. రూపాయి పడితే ఈ ఖర్చులన్నీ పెరుగుతాయి.

రొయ్యల లెక్కతోనే ఇంకో సంగతి చూపిస్తాను. 2023-24లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 17.8 లక్షల టన్నులు, 60,524 కోట్ల రూపాయలు, 7.38 బిలియన్ డాలర్లు. 2024-25లో 17 లక్షల టన్నులు, 62,408 కోట్లు, 7.45 బిలియన్లు. రూపాయల్లో చూస్తే 3 శాతం వృద్ధి. డాలర్లలో ఒక శాతం. టన్నుల్లో తగ్గుదల. "రికార్డు ఎగుమతులు" అన్న ప్రకటన కనబడితే అది ఏ కొలతలోనో అడగండి. చెల్లింపుల ఖాతాకు డాలర్లే లెక్క. చెరువు దగ్గర రైతుకు మాత్రం ఇవేవీ కావు, కౌంటు రేటే (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న దాన్ని బట్టి కట్టే ధర) లెక్క. 2025 ఆగస్టు 27న అమెరికా అదనపు సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు భీమవరం చుట్టుపక్కల ముందుగా కదిలింది ఆ రేటే.

మారకపు రేటు నిజంగా పోటీకి పనికొస్తోందో లేదో తెలుసుకోవాలంటే డాలర్ రేటు చాలదు. రిజర్వ్ బ్యాంకు ప్రతి నెలా 40 దేశాల కరెన్సీలతో, ధరల తేడా సర్దుబాటు చేసిన సూచీ ఇస్తుంది, దాన్ని రీర్ అంటారు. 2024 నవంబరులో డాలర్‌తో రూపాయి కొత్త కనిష్ఠానికి పడిన సమయంలోనే ఈ సూచీ 108 దగ్గర గరిష్ఠంలో ఉంది. అంటే డాలర్‌తో పడినా, మనతో పోటీ పడే దేశాల కరెన్సీలు, వాళ్ల ధరలతో చూస్తే మన సరుకు ఖరీదైంది.

చైనా సరుకు ఆపేస్తే

2024-25లో చైనాకు అమ్మింది 14 బిలియన్లు, కొన్నది 113 బిలియన్లు. ఒక్క దేశంతోనే 99 బిలియన్ల లోటు. మీ ఆవేశం అర్థమవుతుంది. కానీ ఆ 113లో బొమ్మలు, దీపాల దండలు చాలా చిన్న భాగం. మిగతాది ఫోన్ల విడిభాగాలు, యంత్రాలు, సౌర ఘటాలు, మందుల ముడిపదార్థాలు. మందుల ముడిపదార్థాలైన బల్క్ డ్రగ్ దిగుమతుల్లో సుమారు 70 శాతం అక్కడివే. అవి ఆగితే మనం ఏటా 30 బిలియన్ల దాకా చేసే మందుల ఎగుమతి ఆగుతుంది. 2025 ఏప్రిల్‌లో చైనాయే అరుదైన లోహాల అయస్కాంతాల మీద ఆంక్షలు పెడితే మన వాహన కంపెనీలు ఎంత కంగారు పడ్డాయో చూశాం.

ఆపినా లోటు పోదు, చిరునామా మారుతుంది. అదే విడిభాగం వియత్నాం నుంచో మలేషియా నుంచో ఇంకాస్త ఎక్కువ ధరకు వస్తుంది. కారణం లెక్కలోనే ఉంది: ఒక దేశపు కరెంట్ ఖాతా లోటు అంటే ఆ దేశం పెట్టే పెట్టుబడికీ, చేసే పొదుపుకూ ఉన్న తేడా. ఇది సిద్ధాంతం కాదు, ఖాతాల కూడిక. పొదుపు పెరగకుండా, పెట్టుబడి తగ్గకుండా ఒక దేశం మీద సుంకం వేస్తే మొత్తం మారదు. ఒక్కో దేశంతో విడివిడిగా లోటు సరిచేయాలనుకోవడం ఎందుకు వృథా అంటే ఇందుకే. మనకు యూఏఈ, ఇరాక్, రష్యాలతో లోటు ఉంది, అమెరికాతో మిగులు ఉంది, ఉండాల్సినదీ అలాగే.

చైనా విషయంలో అసలు ప్రమాదం డాలర్లు కాదు, ఒకే చోట చిక్కుకోవడం. యాంటీబయాటిక్ ముడిపదార్థమైన పెన్సిలిన్-జీ లాంటివి ఇక్కడే తయారు చేయాలని 2020లో ప్రోత్సాహక పథకం పెట్టింది అందుకు. కాకినాడ దగ్గర ఆ యూనిట్ వచ్చింది కూడా. ఇక్కడ తయారైన దాని ధర చైనా ధర కంటే ఎక్కువ ఉంటుంది. చైనా ధర తగ్గించిన మరుక్షణం మాత్రలు, ఇంజెక్షన్లు తయారుచేసే మన ఫార్ములేషన్ కంపెనీలే అటు మళ్లుతాయి. కనీస దిగుమతి ధర లాంటి రక్షణ కొన్నేళ్లు స్థిరంగా ఉండకపోతే ఇలాంటి ప్లాంట్లు నిలవవు.

మీరే చదువుకోవాలంటే

నెల మధ్యలో వాణిజ్య శాఖ ప్రకటన వచ్చినప్పుడు పై వరస అంకె వదిలేసి, పెట్రోలియం, రత్నాభరణాలు తీసేసిన ఎగుమతుల వరస చూడండి. దేశం తయారీ శక్తి పెరుగుతోందో లేదో అక్కడ కనిపిస్తుంది. దిగుమతుల్లోనూ చమురు, బంగారం, వెండి తీసేసి చూడండి. ఆ మిగిలినదాంట్లో యంత్రాలు, విడిభాగాలు పెరుగుతుంటే అది రేపటి ఉత్పత్తికి పెట్టుబడి. అంకెలన్నీ డాలర్లలో రాసుకోండి. బిలియన్ అంటే వంద కోట్లు, మిలియన్ అంటే పది లక్షలు. మన పత్రికల్లో "28,280 కోట్ల డాలర్లు" అని రాసినదీ 282.8 బిలియన్లూ ఒకటే, ఈ మార్పిడిలో సున్నా జారిపోయిన వార్తలు తరచూ వస్తుంటాయి.

ఆ తర్వాత మూడు నెలలకోసారి రిజర్వ్ బ్యాంకు చెల్లింపుల పట్టిక వస్తుంది. కరెంట్ ఖాతా లోటు జీడీపీలో 2.5 శాతం లోపుంటే సాధారణంగా మోయగలిగినదే అంటారు. ఆ శాతం చూసి పేజీ మూసేయకండి. కింద నికర విదేశీ పెట్టుబడి, పోర్ట్‌ఫోలియో, విదేశీ వాణిజ్య రుణాలు, ప్రవాస డిపాజిట్ల వరసలుంటాయి. లోటును మొదటి వరస పూడుస్తోందా, తర్వాతివి పూడుస్తున్నాయా చూడండి. అన్నిటికంటే అడుగున నిల్వల మార్పు ఉంటుంది, అక్కడ మైనస్ గుర్తు ఉంటే పొరపడవద్దు: ఆ పట్టికలో నిల్వలు పెరిగితేనే మైనస్ రాస్తారు.